పండిన పలకలు

యోగలక్ష్మి ఆ షెడ్డు ముందు స్కూటర్ ఆపేసరికి మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలు. లోపల ఒక ఆడపిల్ల ఏడుపు, ఒక మగవాడి గొంతు వినబడుతున్నాయి. ఏడుపు మధ్యమధ్య ఆగుతోంది గానీ గొంతు మాత్రం ఆగడం లేదు. ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

సెల్వకుమార్! పరిశోధనలకు పెట్టుబడి పెట్టే ఒక హోసూరు సంస్థకు విచారణాధికారి. పోయినేడు ఒక గోడౌను తగలబడిన కేసులో ఇద్దరూ ఎదురెదురు పడ్డారు. గెలిచింది అతనే. వాచ్‌మన్ ఉద్యోగం ఊడింది. ఆ వాచ్‌మన్ ఏ పాపమూ ఎరగడని యోగలక్ష్మి ఇప్పటికీ ఒట్టుపెట్టి చెబుతుంది. పద్దెనిమిదేళ్లు బీమా కంపెనీలో అబద్ధాలు విని, ఇప్పుడు ధర్మపురి బస్టాండు పక్కన మేడమీద సొంత డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి ఆమె. ఓడిపోయిన కేసును మరిచిపోయే రకం కాదు.

"రండి మేడమ్, సరిగ్గా సాప్పాటు టైముకు వచ్చినారు," అన్నాడు సెల్వకుమార్. ముందు బిరియానీ పొట్లం విప్పి ఉంది. కుర్చీ కింద నీలంరంగు టిఫిన్ సంచి మూతబడి ఉంది. టిఫిన్ తెచ్చుకుని బిరియానీ తినే మగవాడు లోకంలో కొత్త కాదులే అనుకుని యోగలక్ష్మి చూపు తిప్పుకుంది.

ఏడుస్తున్న పిల్ల వినోదిని. ఇరవయ్యేడేళ్లు. పదకొండు గంటలకు, బస్టాండు దగ్గరి బోర్డుమీద చూసిన నంబరుకు ఫోన్ చేసి, "అక్కా, నన్ను దొంగ అంటా ఉండారు, రండి" అని మాత్రం చెప్పగలిగింది. తక్కినది యోగలక్ష్మి చేతికి సెల్వకుమారే అందించాడు, టైపు చేసిన ఫిర్యాదు రూపంలో. మొరప్పూర్ దారిలోని ఈ పరిశోధన షెడ్డు నుంచి పదకొండు పలకలు పోయాయనీ, వాటిని పరిశోధకురాలు వినోదినే వేరే కంపెనీకి అమ్మేసిందనీ అందులో ఉంది.

"పదకొండు కాదు సార్, పన్నెండు," అంది వినోదిని ముక్కు తుడుచుకుంటూ.

సెల్వకుమార్ విసుగ్గా పెన్ను తీసి పదకొండును కొట్టేసి పైన పన్నెండు అని రాశాడు. "టైపింగ్ మిస్టేక్. సరే, నాలుగింటికి ఇది స్టేషన్‌కు పోతుంది. అంతలోపల ఆ పిల్ల ఒప్పుకుంటే ఉద్యోగం పోవడంతో సరిపోతుంది. లేకుంటే అరెస్టు. నాకు హోసూరులో పని ఉండాది, నాలుగు దాటి ఒక్క నిమిషం కూడా ఇక్కడ ఉండను."

"ఆలోగా నేను చూసుకుంటాను. మీరు సాప్పాటు కానీండి," అంది యోగలక్ష్మి. వినోదిని చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి తీసుకుపోయి తలుపు వేసింది. "ఏడుపు తర్వాత. ముందు చెప్పు. ఏమా పలకలు?"

వినోదిని గుక్క తిప్పుకుని చెప్పింది. అరచేతి వెడల్పు గాజు పలకలు. వాటి మీద పుట్టగొడుగు వేళ్లు, అంటే తెల్లటి సన్నదారాల బూజు, చాపలా అల్లుకుని పెరుగుతుంది. ఆ దారాల్లో కరెంటు పారుతుంది. ఒకసారి పారాక అవి మారతాయి. తర్వాతిసారి కరెంటు పంపితే, మునుపు ఎంత పారిందో దాన్నిబట్టి దారి ఇస్తాయి, లేదా అడ్డం పడతాయి.

"అంటే గుర్తు పెట్టుకుంటాయా?"

"ఆమా అక్కా. కంప్యూటర్లో మెమరీ చేసే పనే. చిప్పుకైతే గనిలోంచి లోహం కావాలి, పెద్ద ఫ్యాక్టరీ కావాలి. దీనికి కాస్త తేమ, రంపపుపొట్టు చాలు. ఒక్కో పలకలో ఎనిమిది చోట్లు. ఒక్కో చోట ఉండాది, లేదు, ఈ రెండు మాటలే. మూడేళ్లు పట్టింది ఈ పన్నెండింటిని పెంచేదానికి. ఎల్లుండి కంపెనీ పెద్దల ముందర చూపించాల్సింది."

"కడపట చూసింది ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం ఆరూ నలభై రెండు. తాళం కార్డుతో వేసి పోయినాను. ఈ పొద్దు తొమ్మిదీ పదికి వచ్చి చూస్తే రాక్కు ఖాళీ."

కెమెరా పెట్టిస్తామని సంస్థ ఏడాదిగా చెబుతూనే ఉంది. ఉన్నదల్లా తలుపు దగ్గర కార్డు యంత్రం. అది అచ్చువేసిన కాగితాన్ని యోగలక్ష్మి రెండుసార్లు చదివింది. నిన్న సాయంత్రం ఆరూ పదికి సెల్వకుమార్ లోపలికి, వినోదిని బయటికి. ఆరూ ముప్పై అయిదుకు అతను బయటికి, ఆమె లోపలికి. ఆరూ నలభై రెండుకు వినోదిని బయటికి. ఇవాళ పొద్దున ఏడూ అయిదుకు వినోదిని లోపలికి, ఏడూ ముప్పై ఒకటికి బయటికి, తొమ్మిదీ పదికి మళ్లీ లోపలికి.

"ఏడింటికి నేను ఇంట్లో ఉండాను. అమ్మను అడగండి!"

"అమ్మ సాక్ష్యం చెల్లదు పాపా. అమ్మలు ఏమైనా చెబుతారు. నిన్న ఈయన ఎందుకు వచ్చినాడు?"

"అన్నీ ఉండాయా అని తనిఖీ. నేను బోరింగు దగ్గర నీళ్లు పట్టేదానికి పోయింటిని. ఈయన ఒక్కడే చూసుకొన్న్యాడు. రాత్రి లాడ్జిలో ఉండి, పొద్దున్నే హోసూరుకు పోవాల్సిన మనిషి. ఇది జరిగిందని నిలిచిపోయినాడు."

యోగలక్ష్మి చెప్పులు విడిచి పలకల గదిలోకి అడుగుపెట్టింది. ఒకప్పుడు అది పట్టుపురుగులు పెంచిన గది. గోడవెంట పాత వెదురు అంతస్తులే ఇప్పుడు రాక్కులు. ఆమె వంగి, కళ్లద్దాలు ముక్కుమీదికి జార్చి, పావుగంటసేపు ఏమీ ముట్టుకోకుండా చూసింది. గుమ్మం దగ్గర సెల్వకుమార్ పళ్లు కుట్టుకుంటూ నిలబడ్డాడు.

"ఏమి దొరికింది మేడమ్, వేలిముద్రలా?"

"మర్యాద దొరికింది."

అతనికి అర్థం కాలేదు. నిజానికి ఆమె హాస్యానికి అనలేదు. ప్రతి పలకకూ రెండు తీగలు, తీగ కొసన చిన్న క్లిప్పు. ఇరవై నాలుగు క్లిప్పుల్లో ఒక్కటీ తెగలేదు, వేలాడలేదు. విప్పినవాళ్లు వాటిని మళ్లీ వరుసగా రాక్కు కమ్మీకి తగిలించి పోయారు. పలకల కింద పరిచిన పాత పేపర్లను నాలుగు మడతలు వేసి ఒక మూల పెట్టారు. పైన గాలికి ఎగరకుండా ఒక గులకరాయి. తొందరలో ఉన్న దొంగ పేపరు మడత పెట్టడు. పెట్టినా దానిమీద రాయి పెట్టడు.

"ఈ మనిషి దొంగతనానికి రాలేదు," అంది యోగలక్ష్మి.

"మరి విందుకు వచ్చిందా? కార్డు ఆ పిల్లది, చెయ్యి ఆ పిల్లది. తన వస్తువు కాబట్టి జాగ్రత్తగా తీసింది. మీరే నా కేసును బలం చేస్తా ఉండారు, థ్యాంక్స్."

మాట సూటిగానే తగిలింది. యోగలక్ష్మి బయటికి వచ్చి టెక్నీషియన్ తిరుమలేశ్‌ను పిలిచింది. ముప్పై ఏళ్లవాడు, తీగలు, మరమ్మతులు చూసుకుంటాడు. పిలవగానే చేతులు తుడుచుకున్నాడు, అవి శుభ్రంగానే ఉన్నా.

"వినోదిని పేరుతో కార్డులు ఎన్ని ఇచ్చినారప్పా?"

"ఒకటి... రెండు మేడమ్. ఒకటి స్పేర్."

"స్పేరు ఎక్కడ?"

"డ్రాయర్లో ఉంటుంది."

"తీసి చూపించు."

తిరుమలేశ్ కదల్లేదు. నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. యోగలక్ష్మి గొంతు తగ్గించింది. "ఆ పిల్లను నాలుగింటికి జీపెక్కిస్తారు. ఆ పిల్ల ముఖం మళ్లీ చూడగలిగేటట్లయితే మాట్లాడొద్దు."

"నాగవేణమ్మవ్వకు ఇచ్చినాను," అన్నాడు వాడు ఏడుపు గొంతుతో. "ఈ షెడ్డు వాళ్లదే మేడమ్, బాడుగకు ఇచ్చినారు. పొద్దున్నే వచ్చి ఊడ్చిపోతాది. ఏడింటికి నేను వచ్చి తలుపు తీయాల. నిద్ర చాలక కార్డు అవ్వ చేతికి ఇచ్చేసినాను. రూలు కాదు. ఉద్యోగం పోతుందని భయపడినాను. అవ్వ మంచిది మేడమ్, దొంగతనం చేసేది కాదు!"

"దొంగతనం అని ఎవరన్నారు?" అంటూనే యోగలక్ష్మి షెడ్డు వెనక్కి నడిచింది. ఎందుకు నడిచిందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఊడ్చే మనిషి రాకపోకలు వెనకవైపు ఉంటాయని కావచ్చు. వెనకగోడ నిండా ఏళ్లనాటి దుమ్ము. ఆ దుమ్ములో ఒక పెద్ద గుండ్రటి జాడ, మనిషి భుజం ఎత్తున, శుభ్రంగా, తెల్లగా. పక్కనే గోడకు ఆనించి, అదే కొలతవి రెండు పెద్ద వెదురు తట్టలు, నడుమ నుంచి అంచుదాకా వెదురుబద్ద చుట్లు చుట్లుగా తిరిగినవి.

చంద్రికలు. యోగలక్ష్మి గుండె ఒక్కసారి తేలికపడింది. బొమ్మిడి దగ్గర వాళ్లమ్మ ఇరవై ఏళ్లు పట్టుపురుగులు పెంచింది. పురుగులు ముదిరి గూడు కట్టే వేళకు వాటిని ఏరి చంద్రిక చుట్లలో వేయడం పిల్లప్పుడు యోగలక్ష్మి పనే. గోడమీద మూడో చంద్రిక జాడ ఉంది, చంద్రిక లేదు.

"తిరుమలేశూ, అవ్వ ఇల్లేదప్పా?"

షెడ్డు వెనకే. అవ్వ ఆవుల్ని తోలుకుపోయింది. యోగలక్ష్మి నలభై ఎనిమిదేళ్ల మోకాళ్లను తిట్టుకుంటూ మిద్దె మెట్లెక్కింది. వెనక వినోదిని, ఆ వెనక టిఫిన్ సంచి చంకలో పెట్టుకుని సెల్వకుమార్. మిద్దెమీద చంద్రిక ఏటవాలుగా నిలబెట్టి ఉంది. ఈగలు వాలకుండా దోమతెర కప్పారు. తెర తీస్తే, వెదురు చుట్ల మధ్య, ఒకదాని పక్కన ఒకటి, పదకొండు పలకలు నిలబడి ఉన్నాయి. పన్నెండోది విడిగా, ఒక చిన్న చేటలో.

టైము రెండూ నలభై.

వినోదిని ఒక పలక చేతిలోకి తీసుకుంది. పొద్దున నీడలో పెట్టినవాటి మీదికి ఎండ ఎప్పుడో తిరిగింది. మెత్తగా, తడిగా ఉండాల్సిన బూజు అప్పడంలా ఎండి ముడుచుకుపోయింది.

"అయిపోయింది," అన్నాడు సెల్వకుమార్. అతని గొంతులో విచారం లేదు. "ఆస్తి ధ్వంసం. ఇంకో సెక్షన్ చేరుతుంది."

అప్పుడే కింద గంటల చప్పుడైంది. నాగవేణమ్మ ఆవుల్ని కట్టేసి, మిద్దె మీద జనాన్ని చూసి నవ్వుతూ ఎక్కి వచ్చింది. అరవై దాటిన మనిషి, చెవులకు బరువైన కమ్మలు. "చూసినావా పాపా? పొద్దున చెప్పేదానికి నువ్వు లేకపోతివి. పండినాయి!"

"ఏం పండినాయవ్వా?" అంది వినోదిని. ఏడుపు రావాలో కోపం రావాలో తెలియని గొంతుతో.

"ఇవి! నువ్వే కదా చెప్పింది, అవ్వా, ఇవి కూడా నీ పురుగుల మాదిరే, ప్రాణముండేవి, తెల్లగా ఉన్నన్నాళ్లు పెరుగుతాయి, పసుపు తిరిగితే ముదిరినట్లు అని. పొద్దున ఊడ్చేదానికి వచ్చి చూస్తే అంతా పసుపు తిరిగిండాయి. నీళ్లు కూడా ఇడిచినాయి, గోధుమరంగు బొట్లు. పురుగు గూడు కట్టే ముందర అట్లే కదా నీళ్లు ఇడిచేది! పండిన పురుగును ఒక గంట నిలిపితే చెడిపోతాది. ఎవరు దగ్గరుంటే వాళ్లు చంద్రికకు ఏయాల్సిందే. ఇంటాయన వచ్చేదాకా కాచుకొనుంటామా?"

"ఇవి పురుగులు కావని తెలియదా అవ్వా?" అన్నాడు తిరుమలేశ్.

"ఎందుకు తెలియదు? కాళాన్, పుట్టగొడుగు అని తెలుసు. కాళానైతే ఏమి, దానికీ ఒక వేళ ఉండదా?"

యోగలక్ష్మికి నవ్వు ఆగలేదు. పట్టుపురుగుల ఇంట్లో ఆ తొందర ఎలాంటిదో ఆమెకు తెలుసు. పండిన పురుగు కనబడితే తింటున్న ముద్ద వదిలి లేచేది వాళ్లమ్మ. పెళ్లివారింట్లో ఉన్నా లేచి వచ్చేది. అనుమతి అడగడం ఆ పనిలో లేదు. కానీ వినోదిని ముఖం చూసి నవ్వు మింగేసింది.

"పాపా, అవి చచ్చినట్లేనా?"

వినోదిని పలకను ముక్కుదగ్గర పెట్టుకుని వాసన చూసింది. గోటితో అంచు తట్టింది. ఆమె కళ్లలో ఏదో కదిలింది. "అక్కా, పనికిరాని తునకల్ని ఎండబెట్టి చూసినాను ఒకసారి. మూడు నాళ్ల తర్వాత నీళ్లు చల్లితే లేచినాయి. రాసింది రాసినట్లే ఉండింది. కానీ ఈ పన్నెండింటి మీద అట్లాంటి పని చేసే ధైర్యం నాకు రాలేదు."

"అవ్వకు వచ్చింది. చల్లు, చూద్దాం."

చంద్రికనూ, చేటనూ అలాగే పట్టుకుని దించారు. రాక్కు కమ్మీకి వరుసగా వేలాడుతున్న క్లిప్పులు ఇప్పుడు పనికొచ్చాయి, ఏ తీగ ఏ పలకదో వెతుక్కునే పని లేకపోయింది. వినోదిని స్ప్రే సీసాతో పలక పలకకూ మంచులా నీళ్లు చల్లింది. మూడూ అయిదు. మూడుంబావు. బూజు మెల్లగా ముడతలు విప్పుకుంటోంది. సెల్వకుమార్ నిమిషానికోసారి వాచీ చూస్తున్నాడు. నాగవేణమ్మ మాత్రం జబ్బు మనిషి పక్కన కూర్చున్నట్లు కూర్చుని, "ఏమీ కాదులే, ఏమీ కాదులే" అని పలకలకే చెబుతోంది.

మూడూ ముప్పై అయిదుకు వినోదిని మీట నొక్కింది. తెరమీద ఎనిమిది గళ్ల వరుస ఒకటి వెలిగింది. కొన్ని తెల్లన, కొన్ని నల్లన. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండో పలక, రెండో వరుస. మూడోది. నాలుగోది. వరుసలు కిందికి కిందికి పేరుకుంటుంటే గళ్లలో ఒక బొమ్మ ఏర్పడుతోంది.

"ఇదేమే, నా ముగ్గు!" అని అరిచింది నాగవేణమ్మ. "నా వాకిట్లో ఏసే ముగ్గు!"

"అదే అవ్వా. దినమూ పొద్దున చూస్తా వస్తాను కదా. ఏం రాయాలని ఆలోచించి, నీ ముగ్గు రాసినాను. పలకకు ఒక వరస." వినోదిని ఇప్పుడు బాహాటంగా ఏడుస్తోంది. కానీ ఇది వేరే ఏడుపు. తిరుమలేశ్ గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నేలమీద కూలబడ్డాడు. పొద్దున్నుంచి బిగబట్టిన ఊపిరి అందరూ ఒకేసారి వదిలినట్లు ఆ గది తేలికపడింది.

"సంతోషం," అన్నాడు సెల్వకుమార్ సంచి భుజానికి తగిలించుకుని. "వస్తువులు దొరికినాయి. ఫిర్యాదు లేదు. కేసు క్లోజ్. నేను బయల్దేరుతాను."

"ఉండయ్యా, ముగ్గు కానీ," అంది నాగవేణమ్మ తెరకేసి చూస్తూ. "నడుమ వరస తప్పింది."

తప్పింది. పై ఆరు వరుసలు, కింద అయిదు వరుసలు చక్కగా ఉన్నాయి. ఏడో వరుసలో ఎనిమిది గళ్లూ ఖాళీ. వినోదిని మళ్లీ నొక్కింది, మళ్లీ ఖాళీ. "ఏడోది అన్నిటికన్నా మంచిది అక్కా. అన్నిటికన్నా ఎక్కువ నాళ్లు మరిచిపోకుండా ఉండేది అదే!"

"చేటలో విడిగా పెట్టింది అదే కదా పాపా?" అంది నాగవేణమ్మ. "పదకొండూ పండినాయి, అది ఒక్కటే పండలేదు. తెల్లగానే ఉండాది, బొట్టు నీళ్లు కూడా ఇడవలేదు. వెనకబడిన పురుగును విడిగా పెట్టేది మా వాడుక. వాసన కూడా వేరే. అది సంతలో అమ్మే చిప్పి కాళాన్ వాసన, మన కాళాన్‌ది కాదు."

వినోదిని ఆ పలకను వాసన చూసి తెల్లబోయింది. ఎవరో అసలు పలక తీసుకుని, మామూలు చిప్పి పుట్టగొడుగు బూజు పెంచిన పలకను దాని చోట పెట్టారు. అవ్వ రావడానికి ముందే.

యోగలక్ష్మి బల్లమీద ఉన్న ఫిర్యాదు కాగితం తీసింది. కొట్టివేత కింద పదకొండు ఇంకా చక్కగా చదవడానికి వస్తోంది.

"సెల్వకుమార్ సార్, ఒక్క నిమిషం. పొద్దున ఖాళీ రాక్కు చూసినవాళ్లు ఎవరైనా పన్నెండు పోయినాయి అనే రాస్తారు. పదకొండు అని రాసేది ఎవరు? పన్నెండోది ఎక్కడుండాదో తెలిసిన మనిషి ఒక్కడే."

"టైపింగ్ మిస్టేక్ అని చెప్పినాను కదా!"

"చెప్పినారు. నిన్న సాయంత్రం ఇరవై అయిదు నిమిషాలు ఒక్కరే లోపల ఉన్నారు. రాత్రి లాడ్జిలో. ఆ టిఫిన్ మీకు లాడ్జిలో ఎవరు కట్టిచ్చినారు సార్? కట్టిచ్చింది తినకుండా బిరియానీ ఎందుకు తెప్పించుకొన్న్యారు? మిద్దె ఎక్కేటప్పుడు కూడా చంక వదల్లేదే!"

సెల్వకుమార్ సంచిని రెండు చేతులా పట్టుకుని గుమ్మంకేసి ఒక అడుగు వేశాడు. గుమ్మంలో తిరుమలేశ్ లేచి నిలబడ్డాడు. పొద్దున్నుంచి భయంతో వంగిన మనిషి మొదటిసారి నిటారుగా నిలబడ్డాడు. "నా సొంత సామాను సోదా చేసే హక్కు మీకు లేదు," అన్నాడు సెల్వకుమార్. గొంతు మాత్రం సగమే లేచింది.

యోగలక్ష్మి హక్కుల గురించి మాట్లాడబోయింది. అంతలో నాగవేణమ్మ అడ్డం వచ్చింది. ఆమెకు ఫిర్యాదూ పట్టలేదు, హక్కూ పట్టలేదు. ముఖంలో నిజమైన కంగారు.

"నిన్నటి నుంచీ మూత పెట్టి ఉంచినావా అయ్యా? గాలి ఆడకుంటే అదేమైపోవాలప్పా! ఇట్లా ఇయ్యి." అతను తేరుకునేలోపే సంచి ఆమె చేతిలోకి వచ్చింది. జిప్పు లాగి, డబ్బా మూత తీసి, తడి గుడ్డ పక్కకు తొలగించి చూసింది. ఆమె ముఖం విప్పారింది. పలకను రెండు చేతులా పైకెత్తి వినోదినికి చూపించింది. పసుపు తిరిగిన బూజుమీద గోధుమరంగు బొట్లు మెరుస్తున్నాయి.

"బతికే ఉండాది పాపా. ఇదీ పండింది. చంద్రికకు ఏసేదా?"